మోడల్ రైల్వేలో కరెంటు తిప్పలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజన్ ఆగిపోతుంది. వేలితో కాస్త నెట్టగానే మళ్లీ కదులుతుంది. మోడల్ రైళ్లు నడిపేవాళ్లందరికీ ఇది అలవాటైన వ్యవహారమే. అలా నెట్టుకుంటూ పోయినన్నాళ్లూ లోపం ఎక్కడుందో మాత్రం తెలియదు. ఈ పేజీలోని జవాబులు ముఖ్యంగా రెండు పట్టాల పద్ధతికి, అంటే మామూలు 12 వోల్టుల డీసీకి, పట్టాల ద్వారానే ఇంజన్లకి ఆజ్ఞలు పంపే డిజిటల్ పద్ధతి అయిన డీసీసీకి వర్తిస్తాయి.

ఇంజన్ అసలు కదలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కరెంటు వచ్చే దారిని ఒకసారి మనసులో గీసుకోండి. గోడ సాకెట్, అడాప్టర్, కంట్రోలర్, లేఅవుట్ కింద పరిచిన బస్ వైరు, దాన్నుంచి పట్టాకి వచ్చే ఫీడర్, పట్టా, చక్రం, చక్రాన్ని రాసుకునే పికప్ రేకు, చివరికి మోటారు. ఈ వరసలో ఎక్కడ తెగినా ఇంజన్ ఆగిపోతుంది. ఒక కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే పొద్దుపోతుంది. సరిగ్గా మధ్యలో, అంటే పట్టా దగ్గర, పరీక్ష పెట్టండి.

బాగా నడుస్తుందని తెలిసిన ఇంకో ఇంజన్‌ని అదే చోట పెట్టి చూడండి. అది నడిస్తే తప్పు మొదటి ఇంజన్‌ది. అదీ నడవకపోతే తప్పు పట్టాలోనో, దాని వెనకో ఉంది. రెండో ఇంజన్ లేకపోతే 12 వోల్టుల చిన్న బల్బుకి రెండు వైర్లు తగిలించి పట్టాల మీద ఆనించండి. ఒక్క నిమిషంలో సగం లేఅవుట్ మీద అనుమానం తీరిపోతుంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయండి.

ఇదంతా చేసే ముందు కంట్రోలర్ స్విచ్ వేశారో లేదో చూసుకోండి. నవ్వకండి, ఆ తప్పు నేను చాలాసార్లే చేశాను.

మల్టీమీటర్ తప్పనిసరిగా కొనాలా?

కొనండి. అన్నిటికన్నా చవకైనదీ సరిపోతుంది. అందులో మీకు పనికొచ్చేవి వోల్టేజ్ కొలిచే స్థానం, దారి తెగకుండా ఉంటే బీప్ మోగే కంటిన్యుటీ స్థానం, ఈ రెండే. కంటిన్యుటీ చూసేటప్పుడు లేఅవుట్‌కి పవర్ ఉండకూడదు. పట్టాల మీద ఇంజన్లు, లైట్లున్న బోగీలు కూడా ఉండకూడదు. ఎందుకంటే మోటారు చుట్టలోంచి కూడా కరెంటు దాటుతుంది కాబట్టి మీటర్ బీప్ మంటుంది. లేని షార్ట్ ఉన్నట్టు భ్రమ పడి గంటలు వృథా చేసుకుంటారు.

ఒక జాగ్రత్త. ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంప్స్ రంధ్రంలో పెట్టి, దాన్ని మార్చడం మర్చిపోయి వోల్టేజ్ చూడబోతే, రెండు పట్టాల మధ్య మీరే షార్ట్ పెట్టినట్టు.

మీటర్ నిక్షేపంలా 12 వోల్టులు చూపిస్తోంది. ఇంజన్ మాత్రం కదలదు. ఇదేం విచిత్రం?

వచ్చే ప్రశ్నలన్నిట్లో నాకిష్టమైనది ఇదే. దీని జవాబు ఒంటబడితే సగం లోపాలు వాటంతటవే దొరుకుతాయి.

మీటర్ కరెంటు లాగదు. మామూలు డిజిటల్ మీటర్ లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా, రెండు పట్టా ముక్కల్ని కలిపే జాయినర్ చిలుము పట్టి దాని అంచు మాత్రమే తగులుతున్నా, మీటర్‌కి కావలసిన ఆ కాస్త కరెంటు దాటేస్తుంది. అందుకే పూర్తి 12 వోల్టులు కనిపిస్తాయి. ఇంజన్ కాలు పెట్టగానే కథ మారుతుంది. ఆ పాడు జాయింట్‌కి 2 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. ఇంజన్ అర ఆంప్ లాగితే అక్కడే 1 వోల్టు పోతుంది. ఇలాంటి జాయింట్లు వరసగా నాలుగు ఉంటే 4 వోల్టులు హరీ. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజ్‌ని అందుకే నమ్మకూడదు.

లోడ్ పెట్టి కొలవండి. కారు బ్రేక్ లైటులో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు తీసుకుంటే అది దాదాపు 1.75 ఆంప్స్ లాగుతుంది. మీ కంట్రోలర్ 1 ఆంప్‌దే అయితే 5 వాట్ల బల్బు చాలు, అది 0.4 ఆంప్ లాగుతుంది. అనుమానం ఉన్న చోట బల్బుని పట్టాలకి తగిలించి, అది వెలుగుతుండగా మొదట కంట్రోలర్ దగ్గర, తర్వాత బల్బు దగ్గర వోల్టేజ్ చూడండి. ఆ రెండు అంకెల తేడా అంతా దారిలో ఎక్కడో ఆవిరైపోతోందన్న మాట.

ఎక్కడ ఆవిరైపోతోందో పట్టుకోవడం ఇంకా సులువు. బల్బు వెలుగుతూనే ఉండాలి. మీటర్ ప్రోబులు రెండూ ఒకే పట్టా మీద, జాయినర్‌కి ఇటు ఒకటి, అటు ఒకటి ఆనించండి. మంచి జాయింట్ అయితే కొన్ని మిల్లీవోల్టులే కనిపిస్తాయి. అర వోల్టో, అంతకన్నా ఎక్కువో కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఫీడర్ సోల్డర్, స్క్రూ టెర్మినల్, స్విచ్, ప్లగ్గు, దేన్నైనా ఇలాగే పరీక్షించవచ్చు. బల్బు బాగా వేడెక్కుతుంది. పట్టాల కింద ఉండే ప్లాస్టిక్ స్లీపర్ల మీద, నురగ కొండల మీద పెట్టకండి.

దూరం వెళ్లేకొద్దీ రైలు నీరసించిపోతోంది. మళ్లీ కంట్రోలర్ దగ్గరికి రాగానే హుషారు. ఎందుకు?

ఒకే చోట తగిలించిన రెండు వైర్ల మీద మొత్తం లేఅవుట్ బతుకుతోంది కాబట్టి. పట్టాలు సాధారణంగా నికెల్ సిల్వర్‌వి. పేరులో సిల్వర్ ఉంది కానీ అందులో వెండి లేదు. అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. తుప్పు పట్టదు, చూడటానికీ బాగుంటుంది. కానీ రాగితో పోలిస్తే నిరోధం 15 రెట్లకు పైనే. దానికి తోడు ప్రతి జాయినర్ దగ్గరా కొంత నష్టం. జాయినర్ పని పట్టాల కొసల్ని ఒక వరసలో పట్టి ఉంచడం. కరెంటు మోయడం దానికి అదనపు డ్యూటీ. కొత్తలో బాగానే మోస్తుంది. ఏడాది రెండేళ్లకి చేతులెత్తేస్తుంది.

మందు ఏమిటంటే, లేఅవుట్ కింద పట్టాల దారి వెంబడే రెండు లావు రాగి వైర్లు పరిచి, దాన్నుంచి ప్రతి పట్టా ముక్కకీ సన్నని ఫీడర్ ఇవ్వడం. ఎంత లావు అన్నది లెక్క వేసి చూద్దాం. లేఅవుట్ 10 మీటర్ల పొడవు, కరెంటు పోను 10, రాను 10, మొత్తం 20 మీటర్ల వైరు. 3 ఆంప్స్ పారుతున్నాయి. వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లది అయితే దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 అయితే 0.7 వోల్టు. 2.5 అయితే 0.4 వోల్టు. ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 వైరు నా ఓటు. గది మూలలో పట్టే చిన్న లేఅవుట్‌కి, అదీ డీసీకి, 1.5 చాలు. ఫీడర్ సన్నగా ఉన్నా ఫర్వాలేదు, పొడవు మాత్రం జానెడు దాటనివ్వకండి.

ప్రతి ముక్కకీ ఫీడరా? అంత సోల్డరింగ్ నా వల్ల కాదు.

రెండు ముక్కల్ని ఒక జాయినర్ దగ్గర సోల్డర్ చేసి కలిపేసి, ఆ జంటకి ఒక జత ఫీడర్లు ఇవ్వండి. పని సగం అవుతుంది. మొత్తం లేఅవుట్ జాయినర్లన్నీ సోల్డర్ చేసేయమని కొందరు చెబుతారు. ఆ పని చేయకండి. వేడికి పట్టా సాగుతుంది, ఎక్కడో ఒకచోట దానికి కదిలే చోటు ఉండాలి.

సోల్డర్ చేస్తుంటే స్లీపర్లు కరిగిపోతున్నాయి.

ఐరన్ వేడి తక్కువైతేనే ఎక్కువసేపు ఆనించాల్సి వస్తుంది, ఆ ఎక్కువసేపే స్లీపర్లని కరిగిస్తుంది. కాబట్టి వేడి బాగా ఎక్కనిచ్చి, రెండు సెకన్లలో పని ముగించాలి. ముందు పట్టా పక్క భాగాన్ని మెరిసేలా గీకి, సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ రాయండి. పట్టాకీ, వైరు కొసకీ విడివిడిగా పల్చగా సోల్డర్ పట్టించి, తర్వాత రెండూ కలిపి ఐరన్ ఆనించండి. అటూ ఇటూ తడి దూది పెడితే వేడి పాకదు. రెజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడండి. యాసిడ్ ఫ్లక్స్ వాడితే కొన్నాళ్లకి వైరుని తినేస్తుంది. సోల్డర్ ఎప్పుడూ పట్టా బయటి వైపే ఉండాలి, లోపలి వైపు చక్రం అంచు తిరుగుతుంది.

పట్టాలు ఎంత తుడిచినా వారం తిరక్కుండా మళ్లీ నల్లబడుతున్నాయి. ఏం చేయాలి?

ముందు ఆ నలుపు ఏమిటో చూద్దాం. దుమ్ము, ఇంజన్ నుంచి కారిన నూనె, ప్లాస్టిక్ చక్రాల అరుగుదల, రబ్బరు టైర్ల పొడి, వీటికి తోడు చక్రానికీ పట్టాకీ మధ్య ఎగిరే కంటికి కనిపించని నిప్పురవ్వల మసి. మొదటి నాలుగూ కలిసి పట్టా మీద పల్చని పొర కడతాయి. ఆ పొర వల్ల రవ్వలు ఎక్కువవుతాయి, రవ్వల వల్ల మసి ఎక్కువవుతుంది. మొదలైందంటే త్వరగా పెరుగుతుంది.

చాలామంది చేసే పెద్ద తప్పు గరుకు కాగితంతో రుద్దడం. అప్పటికి తళతళ మెరుస్తుంది. కానీ పట్టా పైన సన్నని గాళ్లు పడతాయి, తర్వాతి మురికి ఆ గాళ్లలోనే కూర్చుంటుంది, అక్కడే రవ్వలు లేస్తాయి. స్టీల్ ఉన్ని ఇంకా ప్రమాదం. దాని పోగులు విరిగి పట్టాల మీద పడితే మోటారులోని అయస్కాంతం లోపలికి లాక్కుంటుంది. ఆ ఇంజన్ కథ అంతటితో సరి.

నేను చేసేది ఇది. నూలు గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి తుడుస్తాను. ఆరాక, కాంటాక్ట్ క్లీనర్‌గానో, మినరల్ స్పిరిట్‌గానో దొరికే ద్రావణాన్ని ఇంకో గుడ్డతో పల్చగా రాసి పొడిగా తుడిచేస్తాను. ఆల్కహాల్ మురికిని బాగానే వదిలిస్తుంది కానీ ఆల్కహాల్ ఒక్కదానితోనే సరిపెడితే నలుపు త్వరగా తిరిగొస్తుందని చాలామంది అనుభవం, నాదీ అదే. ఈ రెండూ మండే ద్రవాలే. కిటికీలు తెరిచి, పవర్ ఆపి, పూర్తిగా ఆరాకే రైలు నడపండి.

పట్టాలు తుడిచి చక్రాలు వదిలేస్తే మాత్రం శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒక్క చుట్టు తిరిగేసరికి ఆ చక్రాలు మురికినంతా మళ్లీ పట్టాలకి పూసేస్తాయి. పట్టాల మీద ఆల్కహాల్‌తో తడిపిన పేపర్ టవల్ పరిచి, ఇంజన్ సగం చక్రాలు దాని మీద, సగం బయట ఉండేలా పట్టుకుని తిప్పండి. కాగితం మీద పడే నల్లటి గీతలు చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాత అటు తిప్పి మిగిలిన సగం. బోగీలకి ప్లాస్టిక్ చక్రాలుంటే వీలున్నప్పుడు లోహపు చక్రాలకి మారండి. ఈ ఒక్క మార్పుతో నాకు తుడిచే పని సగానికి పైగా తగ్గింది.

రైలు దారి మార్చే పాయింట్ల మీదికి రాగానే చిన్న ఇంజన్ ఆగిపోతోంది. పెద్దది బాగానే దాటుతుంది.

రెండు దారులు కలిసే కొన దగ్గర, అంటే ఫ్రాగ్ దగ్గర, కొన్ని పాయింట్లలో ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అక్కడ కరెంటు ఉండదు. నాలుగు చక్రాల చిన్న ఇంజన్‌లో ఒక చక్రం ఆ ప్లాస్టిక్ మీద ఉండి, అదే వైపు రెండో చక్రం కాస్త మురికిగా ఉంటే ఇంజన్‌కి కరెంటు బంద్. పెద్ద ఇంజన్‌కి ఆరో ఎనిమిదో చక్రాలు కరెంటు అందుకుంటాయి కాబట్టి దానికి పట్టదు. పెకో కంపెనీ వాళ్ల పాయింట్లలో ఈ రకాన్ని ఇన్సుల్‌ఫ్రాగ్ అనీ, ఫ్రాగ్ మొత్తం లోహంతో ఉండేదాన్ని ఎలక్ట్రోఫ్రాగ్ అనీ పిలుస్తారు.

లోహపు ఫ్రాగ్ నడకకి మంచిది, కానీ వైరింగ్ అడుగుతుంది. దారి మారినప్పుడల్లా ఫ్రాగ్ ఏ పట్టాతో కలవాలో కూడా మారాలి. పాయింట్ మోటారుతో పాటు కదిలే చిన్న స్విచ్ ఆ పని చేస్తుంది. ఫ్రాగ్ తర్వాత వచ్చే రెండు లోపలి పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు వేయడం మర్చిపోతే, అవతలి వైపు నుంచి వచ్చే ఫీడర్‌తో షార్ట్ అవుతుంది.

లోపం ఫ్రాగ్‌ది కాకపోవచ్చు కూడా. చాలా పాయింట్లలో దారి మార్చడానికి కదిలే బ్లేడు, అంటే మొన తేలిన పట్టా ముక్క, పక్క పట్టాని తాకడం వల్లే కరెంటు అందుకుంటుంది. అక్కడ గోరంత దుమ్ము పడినా, రంగు వేసేటప్పుడు చుక్క పడినా పాయింట్ మొత్తం చచ్చిపోతుంది. బ్లేడుని వేలితో పట్టాకి నొక్కి చూడండి. ఇంజన్ కదిలితే లోపం అదే. శుభ్రం చేస్తే తాత్కాలికం. కింద నుంచి బ్లేడుకీ దాని పక్క పట్టాకీ చిన్న వైరు ముక్క సోల్డర్ చేస్తే శాశ్వతం. ఎలక్ట్రోఫ్రాగ్‌లో మాత్రం ముందు బ్లేడుకీ ఫ్రాగ్‌కీ ఉన్న లింకు తెంచాలి, లేకపోతే ఆ వైరే షార్ట్ అవుతుంది.

ఎక్కడో షార్ట్ ఉంది. లేఅవుట్ పెద్దది. ఎలా పట్టుకోవాలి?

ముందు పట్టాల మీదున్న రైళ్లన్నీ తీసేయండి. షార్ట్ పోయిందా? అయితే ఏదో ఒక బండిది తప్పు, ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ రండి. పోలేదా? బస్ వైరుని మధ్యలో విప్పండి. రెండు సగాల్లో ఏది బీప్ మంటోందో చూడండి. ఆ సగాన్ని మళ్లీ సగం. 16 విభాగాలున్నా నాలుగు అడుగుల్లో లోపమున్న విభాగం దగ్గరికి చేరతారు. కొత్తగా లేఅవుట్ కట్టేవాళ్లు విభాగానికో స్విచ్చో, విప్పగలిగే టెర్మినలో పెట్టుకోమని చెప్పేది ఇందుకే. వైర్లన్నీ ఒకే ముద్దగా సోల్డర్ చేసిన లేఅవుట్‌లో షార్ట్ వెతకడం నరకం.

విభాగం దొరికాక కళ్లు, టార్చి. పట్టాల మధ్య పడిన వైరు ముక్క, గుండుసూది, ఫీడర్ పోగు అటు పట్టాకి తగలడం, జిగురు ఆరని తడి కంకర, రెండు రంగుల వైర్లు ఒకచోట తారుమారు కావడం. ఒకసారి నేను మూడు సాయంత్రాలు కింద పడుకుని వైర్లన్నీ విప్పాను. చివరికి చూస్తే స్టేషన్ ప్లాట్‌ఫారం అంచుని అంటించేటప్పుడు ఆసరాగా గుచ్చిన పిన్ను రెండు పట్టాలకీ అడ్డంగా ఉంది. పైన కుర్చీలో కూర్చుని చూస్తే కనిపించేదే.

షార్ట్ ఒకే చోట, అదీ రైలు వచ్చినప్పుడే వస్తోంది.

పాయింట్ దగ్గర అయితే చక్రాల మధ్య దూరం చూడండి. ఇరుసు మీద చక్రాలు దగ్గరికి జరిగి ఉంటే చక్రం వెనక భాగం, తెరుచుకుని ఉన్న బ్లేడుని రాసుకుంటుంది. ఆ బ్లేడు అవతలి ధ్రువంలో ఉంటే క్షణం షార్ట్. చక్రాల దూరం కొలిచే గేజ్ దొరుకుతుంది, అది దగ్గరుంచుకోవాల్సిన వస్తువే. వేరేచోట అయితే బోగీల్ని కలిపే కప్లర్ కింద వేలాడే లోహపు పిన్ను పట్టాలకి తగులుతోందేమో చూడండి. లోహపు బోగీ ఫ్రేములున్న బండ్లలో ఇరుసుని తిరగేసి బిగించినా షార్ట్ అవుతుంది. చాలా ఇరుసులకి ఒక వైపు చక్రానికే ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి, అవన్నీ ఒకే వైపు ఉండాలి.

లూప్ తిరిగి అదే దారిలోకి వస్తే షార్ట్ అవుతోంది. వైరింగ్ అంతా సరిగ్గానే ఉందే?

వైరింగ్ సరిగ్గా ఉన్నా అవుతుంది, ఇది రేఖాగణితం. ఎడమ పట్టాని వేలితో పట్టుకుని లూప్ చుట్టూ తిరిగి రండి. తిరిగొచ్చేసరికి మీ వేలు కుడి పట్టా మీద ఉంటుంది. రెండు ధ్రువాలు ఒకదాన్నొకటి తాకాయన్న మాట. ఇంజన్ ముఖం తిప్పే మూడు కోణాల వై ఆకారపు దారిలోనూ ఇదే సమస్య. ఎక్కడి నుంచి బయల్దేరినా రైలు తిరగబడి అదే పట్టా మీదికి వచ్చే దారి ఉంటే అక్కడ ఈ తిప్ప ఉంటుంది. మార్క్లిన్ కంపెనీ మూడు పట్టాల పద్ధతిలో ఈ గొడవ లేదు. అక్కడ బయటి పట్టాలు రెండూ ఒకే ధ్రువం, రెండోది మధ్యలో ఉంటుంది.

పరిష్కారం: లూప్‌లో ఒక భాగాన్ని రెండు కొసల్లోనూ, రెండు పట్టాలకీ గ్యాపులు పెట్టి వేరు చేయాలి. ఆ భాగం మీ అతి పొడవైన రైలు కన్నా పొడవుగా ఉండాలి. బోగీలకి లోహపు చక్రాలుంటే మొత్తం రైలు లెక్కే, ఇంజన్ ఒక్కటి లోపల పడితే చాలదు. డీసీసీలో ఆటో రివర్సర్ అనే చిన్న సర్క్యూట్ ఆ భాగం ధ్రువాన్ని తనంతట తానే మారుస్తుంది, రైలు ఆగక్కర్లేదు. డీసీలో రైలుని లూప్‌లో ఆపి, రెండు స్విచ్చులు తిప్పి, మళ్లీ నడపాలి.

చలికాలంలో బాగానే ఉన్న లేఅవుట్ ఎండాకాలం రాగానే షార్ట్ కొడుతోంది.

గ్యాపులు మూసుకుపోయి ఉంటాయి. 10 మీటర్ల పట్టా 20 డిగ్రీల తేడాకి 3 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. రంపంతో కోసిన గ్యాప్ అంత వెడల్పు కూడా ఉండదు. గాలిలో తేమని బట్టి కింది చెక్క ఫ్రేము కూడా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. కోసిన ప్రతి గ్యాప్‌లోనూ ప్లాస్టిక్ రేకు ముక్క అతికించి, పట్టా ఆకారానికి అరగదీయండి.

డీసీసీ పట్టా మీద మల్టీమీటర్ ఏ స్థానంలో పెట్టి చూడాలి?

ఏసీ వోల్టుల్లో. డీసీసీలో పట్టా మీద ఎప్పుడూ నిండు వోల్టేజ్ ఉంటుంది, హెచ్‌ఓ అనే మోడల్ సైజుకి సాధారణంగా 14, 15 వోల్టులు. ఆ వోల్టేజే క్షణక్షణం ధ్రువం మార్చుకుంటూ ఆజ్ఞల్ని మోసుకెళుతుంది. 1 అనే బిట్‌కి ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, 0కి దాదాపు 100 లేదా అంతకన్నా ఎక్కువ. మామూలు మీటర్లు ఇంటి కరెంటు వేగానికి తయారైనవి కాబట్టి ఇక్కడ ఒకటి రెండు వోల్టులు తప్పు చూపించవచ్చు. ఆ అంకెని పట్టించుకోకండి. పట్టాలకి డీసీసీ కరెంటు పంపే బూస్టర్ దగ్గర ఎంత, దూరపు కొసలో ఎంత అని పోల్చి చూస్తే చాలు, అదీ లోడ్ పెట్టి.

డీసీసీలో ఇంకో పరీక్ష తప్పక చేయాలి. పట్టాల మీద అడ్డంగా నాణెం పెట్టండి. బూస్టర్ టక్కున ట్రిప్ అవ్వాలి. ప్రతి మీటరు దూరానికీ ఇలా చేయండి. ఎక్కడైనా ట్రిప్ కాకపోతే అక్కడి దాకా వైరింగ్‌లో నిరోధం ఎక్కువని అర్థం, వెంటనే నాణెం తీసేయండి. ఇది ఎందుకు ముఖ్యమంటే, 5 ఆంప్స్ బూస్టర్ 15 వోల్టుల దగ్గర 75 వాట్లు ఇవ్వగలదు. సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. ట్రిప్ కాని చోట బండి పట్టా తప్పితే బోగీ కరిగిపోయేదాకా ఎవరికీ తెలియదు.

పవర్ వేయగానే ఇంజన్ ఎవరి మాటా వినకుండా పూర్తి స్పీడులో పరుగు తీస్తోంది!

ఇంజన్ లోపల ఉండి డీసీసీ ఆజ్ఞల్ని అందుకునే డీకోడర్, తాను డీసీ పట్టా మీద ఉన్నానని పొరబడింది. షార్ట్ తర్వాతో, మురికి చోటనో సంకేతం చెదిరినప్పుడు ఇలా జరుగుతుంది. డీకోడర్ సెట్టింగుల్లో ఒకటైన సీవీ29లో ఉన్న విలువ నుంచి 4 తీసేయండి: 6 ఉంటే 2, 38 ఉంటే 34. అంతకుముందే 4 తీసేసి ఉంటే మళ్లీ తీయకండి. డీసీలో నడిపే సదుపాయం పోతుంది, దాంతో పాటు ఈ పిచ్చి పరుగూ పోతుంది.

పాత డీసీ వైరింగ్ మీద డీసీసీ పెట్టారా? ట్రాక్ టెర్మినల్ ముక్కలో రేడియో గోల తగ్గించడానికి పెట్టిన కెపాసిటర్ ఉందేమో విప్పి చూడండి. అది డీసీసీ సంకేతాన్ని పాడు చేస్తుంది, కత్తిరించి పడేయాలి.

డీకోడర్ సెట్టింగులు చూసి మార్చే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద కంట్రోలర్ డీకోడర్ని చదవలేకపోతోంది. డీకోడర్ పోయినట్టేనా?

తొందరపడకండి. డీకోడర్ జవాబు చెప్పే పద్ధతి తమాషాగా ఉంటుంది. మోటారుని క్షణకాలం కదిపి, దాదాపు 6 మిల్లీసెకన్ల పాటు కనీసం 60 మిల్లీఆంప్స్ అదనంగా లాగుతుంది. అవునన్న మాటకి అదే సంకేతం. చక్రాలు మురికైనా, మోటారు వైరు ఊడినా ఆ జవాబు అందదు. ముందు చక్రాలు తుడిచి చూడండి.

సౌండ్ ఇంజన్ మధ్య మధ్యలో నత్తిగా ఆగి మళ్లీ స్టార్ట్ అవుతోంది.

మామూలు మోటారు రెప్పపాటు కరెంటు పోయినా వేగంలో దాటేస్తుంది. సౌండ్ డీకోడర్ అలా కాదు, చిన్న కంప్యూటర్ కాబట్టి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. కీప్ అలైవ్ అనే కెపాసిటర్ అమరిక బిగిస్తే ఆ ఖాళీల్ని పూడుస్తుంది. మంచి వస్తువే. కానీ పట్టా శుభ్రం చేయకుండా దీన్ని బిగించడం నొప్పికి మాత్ర వేసుకుని ముల్లు తీయకపోవడం లాంటిది. అలాంటి ఇంజన్లు పది ఒకే బూస్టర్ మీద ఉంటే, షార్ట్ పోయాక అన్నీ ఒక్కసారిగా ఛార్జ్ అవబోయి బూస్టర్ మళ్లీ ట్రిప్ అవుతుంది. లేఅవుట్‌ని విడివిడి బ్రేకర్లతో భాగాలు చేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

పట్టా బాగుంది, వైర్లు బాగున్నాయి. ఇంజన్‌లో ఏం చూడాలి?

తిరగేసి పట్టుకుని, కంట్రోలర్ నుంచి రెండు వైర్లు తెచ్చి ఒక్కో జత చక్రాలకీ విడిగా ఆనించండి. డీకోడర్ ఉన్న ఇంజన్ అయితే ఈ పని డీసీసీ వైర్లతో చేయాలి. ఏ జత దగ్గర మోటారు తిరగదో దాని పికప్ రేకు చక్రాన్ని తాకడం లేదు, లేదా దారాలు, వెంట్రుకలు చుట్టుకున్నాయి. రేకుని ట్వీజర్‌తో కొద్దిగా వంచండి, గట్టిగా నొక్కేలా వంచితే అదే బ్రేకు అవుతుంది. అన్ని జతల దగ్గరా తిరిగి, పట్టా మీద మాత్రం నీరసంగా ఉంటే మోటారు లోపల తిరిగే చుట్టకి కరెంటు అందించే బ్రష్షులు, కమ్యుటేటర్ చూడండి. నూనె విషయంలో పిసినారిగా ఉండండి. సూది మొనంత చుక్క చాలు. మిగిలిందంతా పికప్‌ల మీదికో, పట్టాల మీదికో చేరుతుంది.

ఎంత కరెంటు లాగుతోందో కూడా కొలవండి. కొత్త హెచ్‌ఓ ఇంజన్ చాలావరకు అర ఆంప్ లోపే ఉంటుంది. పాత రకం మోటార్లు 1 ఆంప్ దాకా వెళతాయి. రోజురోజుకీ ఆ అంకె పెరుగుతుంటే గేర్లలో గట్టిపడిన గ్రీజో, బలం తగ్గిన అయస్కాంతమో కారణం.

కంట్రోలర్ పది నిమిషాలు పని చేసి ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్లీ పని చేస్తోంది.

వేడెక్కి దాని రక్షణ స్విచ్ తెరుచుకుంటోంది, చల్లారాక మూసుకుంటోంది. దాని సామర్థ్యానికి మించి లాగుతున్నారు. స్టేషన్ లైట్లు, పాయింట్ మోటార్లు అన్నీ దాని మీదే వేలాడదీశారేమో చూడండి. వాటికి వేరే సప్లై పెట్టండి.

పాయింట్ మోటారు సగం దాకా వచ్చి ఆగిపోతోంది.

కాయిల్ రకం అయితే దానికి క్షణకాలం పెద్ద దెబ్బ కావాలి, చిన్న సప్లై అది ఇవ్వలేదు. కెపాసిటర్‌లో కరెంటు నింపి ఒక్కసారిగా వదిలే సీడీయూ పెట్టండి. బటన్ ఇరుక్కుపోయినా కాయిల్ కాలకుండా కాపాడేదీ అదే. నెమ్మదిగా తిరిగే మోటారు రకానికి ఇది అక్కర్లేదు, అది నిలిచి ఉన్నప్పుడు కూడా 15, 20 మిల్లీఆంప్స్ మాత్రమే తీసుకుంటుంది.

డీసీ, డీసీసీ రెండూ ఒకే లేఅవుట్ మీద వాడొచ్చా?

మొత్తం లేఅవుట్‌ని ఇటో అటో మార్చే ఒకే స్విచ్‌తో అయితే సరే. సగం డీసీ, సగం డీసీసీ పెట్టుకుంటే మాత్రం గ్యాప్ మీదుగా ఇంజన్ వెళ్లిన క్షణం దాని చక్రాలు రెండు సప్లైలనీ కలిపేస్తాయి. డీకోడరో, కంట్రోలరో, రెండూనో బలి.

అడాప్టర్ లోపల లోపం ఉన్నట్టుంది. విప్పి బాగు చేసుకోవచ్చా?

వద్దు. ఈ పేజీలో చెప్పినవన్నీ తక్కువ వోల్టేజ్ వైపు పనులు. అడాప్టర్ డబ్బా లోపల గోడ కరెంటు ఉంటుంది, ప్లగ్గు తీసినా కొన్నిటి కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. వైరు ఒలిచిపోయినా, కాలిన వాసన వచ్చినా, డబ్బా ముట్టుకోలేనంత వేడెక్కినా అదే వోల్టేజ్, అంతే ఆంప్స్ ఉన్న కొత్తది తెచ్చుకోండి. పాతదాని వైరు కత్తిరించి పారేయండి, పొరపాటున మళ్లీ ఎవరూ సాకెట్‌లో పెట్టకుండా.